రాజమణి ఆంటీ, ఒక్కరి టేబుల్

ఢిల్లీ పక్కన కౌశాంబి మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే ఇవాళ మళ్లీ ఆ వాసన తగిలింది. నెయ్యిలో జీలకర్ర చిటపటలాడే వాసనకి బస్సుల డీజిల్ పొగ కలిస్తే వచ్చే వాసన అది. దాన్ని సీసాల్లో నింపి అమ్ముతామని ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు. బస్టాండు పక్కన వరసగా ఉన్న ధాబాల్లో మధ్యాహ్నం పప్పుకి పోపు పెడుతున్నారన్నమాట. జనం ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోతున్నారు. నేను మాత్రం ఆగి గట్టిగా పీల్చాను. కొందరు గురువుల్ని తలుచుకోవడం ఆరోగ్యానికి అంత మంచిది కాదు.

ఆ గురువు రాజమణి ఆంటీ. ఎవరి గురించైనా ఇలా మొదలుపెడితే చదివేవాళ్లు వెంటనే మనసులో ఓ ఫోటోకి దండ వేసేస్తారు. అందుకని ముందే చెబుతున్నాను: ఆవిడ ఇప్పుడు హన్మకొండలో ఉన్నారు, నాకంటే ఆరోగ్యంగా. అంతకుముందు ఢిల్లీ మయూర్ విహార్‌లో నేను అద్దెకున్న ఫ్లాటుకి ఎదురు ఫ్లాటు వాళ్లది. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం వీలున్నప్పుడల్లా సెలవు పెట్టి, చుట్టుపక్కల దేశాలకి బస్సుల్లో ఒక్కరే తిరిగేవారు. భర్త వెంకటయ్య గారికి బస్సు పడదు. కొండదారుల మాట అటుంచండి, మయూర్ విహార్ నుంచి పక్కనే ఉన్న అక్షర్‌ధామ్ దాకా వెళ్లినా ఆయన చేతిలో నిమ్మకాయ ఉండేది. "ఆయన్ని వదిలేసి ఒక్కరే ఎలా వెళ్తారండీ?" అని మన తెలుగువాళ్లెవరో అడిగితే "తీస్కపోతేనే కష్టం" అన్నారట. ఆవిడ యాత్రా విశేషాలన్నీ ఆ పొడవులోనే ఉండేవి. హిమాలయాలు ఎలా ఉన్నాయంటే "చల్లగ". భూటాన్ ఎలా ఉందంటే "బస్సు టైముకొస్తది".

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. కాకినాడ నుంచి వచ్చి నోయిడాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న రోజులు. ఇతరుల పనిలో తప్పులు వెతకడానికి జీతం ఇస్తారు. ఇంట్లో అదే పని ఉచితంగా చేస్తే గొడవలవుతాయి. ఆఫీసులో నలుగురం అమ్మాయిలం కలిసి ఓ ప్రయాణం అనుకున్నాం. ఢిల్లీ నుంచి బస్సులోనే నేపాల్‌లోకి దిగి, అటునుంచి భూటాన్, ఆపైన బంగ్లాదేశ్ చుట్టి, కలకత్తాలో తేలాలి. విమానాలు లేవు, పెద్ద హోటళ్లు లేవు. నా సెలవు మంజూరైంది. తర్వాత ఒకమ్మాయికి పెళ్లి కుదిరింది, ఒకమ్మాయికి ప్రాజెక్టు కుదిరింది, మూడో అమ్మాయికి ఏదీ కుదరలేదు కాబట్టి నడుంనొప్పి వచ్చింది. సెలవుతో సహా నేను మిగిలాను. కాలేజీ రోజుల నుంచి నా ప్రయాణాలన్నీ ఇలా ఎవరో ఒకరు రాలేమంటే ఆగిపోయినవే. ఈసారీ ఆగిపోతే ఇక ఈ జన్మకి నేను ఎక్కడికీ వెళ్లే మనిషిని కాదని నాకు స్పష్టంగా తెలిసింది. ఒక్కదాన్నే వెళ్తానని అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మ కొన్నాళ్లు మాట్లాడలేదు. తర్వాత కొరియర్లో కారప్పొడి పంపింది. మా ఇంట్లో దాన్నే అనుమతి అంటారు.

లాప్‌టాప్ పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. బస్సులకు నీలం, బసకు ఆకుపచ్చ, వీసా పనులకు ఎరుపు రంగులు వేసిన నా ప్లాను చూపించాను. దారి తప్పితే ప్లాన్ బి, అది కూడా తప్పితే ప్లాన్ సి. మెచ్చుకుంటారని ఎదురుచూశాను. ఆంటీ కళ్లజోడు పెట్టుకుని, వేలితో కిందిదాకా జరిపి, మళ్లీ పైకి వచ్చారు.

"మంచిగ చేసినవ్. అన్నం ఏది?"

"అన్నమా?"

"గిన్ని రోజులు తిరుగుతవ్. తినవా?"

"ఏదో ఒకటి దొరుకుతుంది కదండీ అక్కడ."

"దొరుకుతది. కూసొని తింటవా?" ఆవిడ కళ్లజోడు తీశారు. "నీ ఇంటికి డబ్బాలు తెచ్చే పోరగాళ్లు రోజు నాకు నమస్తే పెడుతున్నరు. అంకుల్ మోకాలినొప్పి ఎట్లుందని గూడ అడుగుతున్నరు. ఎన్నడన్న హోటల్ల ఒక్కదానివే కూసొని తిన్నవా, బిడ్డా?"

తినలేదు. ఆఫీసులో గుంపుతో తింటాను. గుంపు లేని రోజున డెస్క్ దగ్గరే బ్రెడ్డు. దారిలో ఆకలేస్తే సమోసా కొనుక్కుని నడుస్తూ తింటాను. నడిచే మనిషికి పనేదో ఉన్నట్టుంటుంది. పదిమంది మధ్య ఓ టేబుల్ దగ్గర ఒక్కదాన్నే ప్లేటు ముందు పెట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు. అందరూ చూసి "పాపం" అనుకుంటారని భయం. నా ప్లానులో పాస్‌పోర్టు పోవడం గురించి ఉంది, కొండల్లో ఊపిరాడకపోవడం గురించి ఉంది, దీని గురించి లేదు. ఇంజనీరింగ్ చదివిన మనిషి ఇలాంటిది ఏ రంగులో రాస్తుంది?

"బస్సు దొరుకుతది, రూము దొరుకుతది," అన్నారు ఆంటీ. "తినుడు రోజుకు మూడుసార్లుంటది. మూడుసార్లు సిగ్గుపడుకుంట ఎంత దూరం పోతవ్? నాలుగో రోజు వాపస్ వస్తవ్. కొండలకు భయపడి కాదు, ప్లేటుకు భయపడి."

ఆ ఆదివారం నన్ను కౌశాంబి తీసుకొచ్చారు. ధాబా ముందు ఆగి చెయ్యి చాపారు. "ఫోనియ్యి. నువ్వు ఆ మూలకు కూసో. నేను గీడ కూసుంట." ఫోన్ ఇచ్చేస్తే చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. వెయిటర్ వచ్చి ఎంతమందని అడిగాడు: "కిత్నే లోగ్?" "ఏక్," అన్నాను, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. "ఔర్ కోయీ ఆ రహా హై, దీదీ?" ఇంకెవరూ రావడం లేదన్నాను. అతను నన్ను చూశాడు, పక్క టేబుల్ దగ్గర ఆంటీని చూశాడు. మేమిద్దరం కలిసి లోపలికి రావడం అతను చూసే ఉన్నాడు. ఆంటీ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి, "ఆంటీ జీ, ఝగడా హో గయా క్యా?" అని అడిగాడు, మా మధ్య గొడవేమైనా అయిందా అని.

"నహీఁ భయ్యా," అన్నారు ఆంటీ, ధాబా అంతా వినపడేలా. "ట్రైనింగ్ చల్ రహీ హై."

మొదటి రొట్టె నమలకుండా మింగాను. రెండోది కూడా అలాగే వెళ్లేది కానీ పక్క టేబుల్ నుంచి "మెల్లగ! బస్సు పోతే ఇంకోటొస్తది" అని వినిపించింది. తల ఎత్తి చుట్టూ చూశాను. ఓ డ్రైవరు ఉల్లిపాయ చితక్కొడుతున్నాడు. ఓ కుటుంబం సంచి ఎవరు మర్చిపోయారన్న విషయం మీద తీవ్రంగా చర్చిస్తోంది. నన్ను చూసే తీరిక అక్కడ ఒక్కరికీ లేదు. నిజం చెప్పాలంటే కాస్త అవమానంగా కూడా అనిపించింది.

తర్వాతి పాఠాలకి ఆంటీ రాలేదు. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మెస్‌కి వెళ్లి ఒక్కదాన్నే భోంచేసి వచ్చానని గొప్పగా చెప్పాను. "ఆడ పరీక్షలకు చదివే పిల్లలే గదా. అందరు ఒక్కొక్కళ్లే కూసుంటరు, ముందట పుస్తకం పెట్టుకొని. గదేం లెక్కల రాదు," అని కొట్టేశారు. ఆదివారం మధ్యాహ్నం, కుటుంబాలతో కిటకిటలాడే చోటికి వెళ్లమన్నారు. వెళ్లాను. అక్కడివాళ్లు ఎంతో మర్యాదగా నన్ను బాత్రూం తలుపు పక్కన కూర్చోబెట్టబోయారు. కిటికీ దగ్గర టేబుల్ ఖాళీ అయ్యేదాకా నిలబడతానని చెప్పాను. నిలబడ్డాను. అయింది. కూర్చున్నాను. పాయసం కూడా తెప్పించుకున్నాను. ఆ సంగతి విని ఆంటీ తల ఊపి, "ఇగ వీసా పని చూస్కో," అన్నారు. బంగ్లాదేశ్ వీసా కాగితాల్లో ఏ సరిహద్దు దాటి వెళ్తామో ముందే రాయాలని, తూర్పు నేపాల్ నుంచి సిలిగురి దగ్గరని, అక్కణ్నుంచి భూటాన్‌కి బస్సులుంటాయని అప్పుడు చెప్పారు. అంతవరకు చెప్పలేదు. తినడం రాని మనిషికి దారి చెప్పడం దండగ అనుకుని ఉంటారు.

బయల్దేరిన రోజు ఆవిడ బస్టాండుకి రాలేదు. గుమ్మంలో నిలబడి, "చేరిన అని చెప్పకు. తిన్న అని చెప్పు," అన్నారు.

ఆనంద్ విహార్ నుంచి బన్‌బసా, సరిహద్దు దాటి మహేంద్రనగర్, అక్కణ్నుంచి పోఖరా. అంతవరకు నా రంగులన్నీ నిజమయ్యాయి. పోఖరా నుంచి కాఠ్‌మాండూ వెళ్తుంటే ముగ్లింగ్ అనే ఊళ్లో బస్సు ఆగిపోయింది. ముందు కొండచరియ విరిగి రోడ్డు మీద పడిందట. ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలియదు. వాన. నా బూట్లలో నీళ్లు, బ్యాగులో నీళ్లు, కళ్లలో కూడా తయారుగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే వెనకనుంచి తెలుగు వినిపించింది.

ముక్తినాథ్ చూసుకుని కిందికి వెళ్తున్న హైదరాబాదు యాత్రికుల బస్సు. వాళ్ల పెద్దాయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఒక్కదానివే వచ్చావా తల్లీ? మీవాళ్లు ఎలా పంపారమ్మా?" అన్నారు. నేను జవాబు వెతుక్కునేలోగా ఆయనే పరిష్కారం కూడా చెప్పేశారు. "మా బస్సులో ఒక సీటుంది. గోరఖ్‌పూర్‌లో ఢిల్లీ రైలు ఎక్కిస్తాం. ఈ తిప్పలు నీకెందుకు చెప్పు?" పక్కనున్న పెద్దావిడ స్టీలు డబ్బా మూత తీశారు. పులిహోర. ఇంగువ వాసన. దేశభక్తి, దైవభక్తి ఈ వాసన ముందు నిలబడవు. వాళ్ల మధ్య కూర్చుంటే నిర్ణయం అయిపోయినట్టేనని నాకు తెలుసు. సరేనండీ అనడానికి నోరు కూడా తెరిచాను. ఒక్క నిమిషం అని చెప్పి, పక్కకి వెళ్లి ఆంటీకి ఫోన్ చేశాను.

"ఆంటీ, రోడ్డు మూసేశారు."

"తిన్నవా?"

"ఆంటీ, కొండ విరిగిపడింది!"

"నువ్వు తిన్నా అది విరిగే ఉంటది, తినకున్నా విరిగే ఉంటది. తిన్నవా, లేదా?"

"లేదు. ఇక్కడ తెలుగువాళ్లు ఇంటికి తీసుకెళ్తామంటున్నారు. వెళ్లనా?"

"పోతే పో. ఉంటే ఉండు. గని ఆకలి మీద ఏది తేల్చకు. తిని తేల్చుకో. నన్నడగకు."

ఫోన్ పెట్టేశారు. నాకు మండిపోయింది. ఆ మంటలో కొంత భాగం కడుపుదని కాసేపటికి తెలిసింది.

పెద్దావిడకి క్షమించమని చెప్పి, రోడ్డు పక్కన రేకుల హోటల్లోకి వెళ్లాను. అక్కడి అమ్మాయి "అకేలే?" అంది. ఔను, ఒక్కదాన్నే అన్నాను. అన్నం, పప్పు, ఆకుకూర, ముల్లంగి పచ్చడి. బస్సులోని జనం అంతా గుంపులుగా కూర్చున్నారు. నేను వాన కనబడే టేబుల్ చూసుకుని, ఫోన్ బ్యాగులో పెట్టేసి, మెల్లగా తిన్నాను. తినకముందు నాకు "రోడ్డు మూసేశారు" అన్న మాట "ఇంటికి పో" అన్నట్టు వినిపించింది. రెండోసారి పప్పు వడ్డించేసరికి అది ఒక రోడ్డు గురించిన సమాచారంగా మారింది. మూసింది కాఠ్‌మాండూ రోడ్డు. కాఠ్‌మాండూ లేకపోతే నా ప్రయాణంలో ఒక ఊరు పోతుంది. కింద నారాయణగఢ్ నుంచి తూర్పుకి పెద్ద రోడ్డు ఉంది. అది కాకర్‌భిట్టా సరిహద్దు దాకా తిన్నగా వెళ్తుంది. ఇది ప్లాన్ బిలో నేనే రాసుకున్నాను. గంట క్రితం నాకు గుర్తే రాలేదు.

చెయ్యి కడుక్కుని పెద్దాయన దగ్గరికి వెళ్లి, నేను తూర్పుకి వెళ్తున్నానని చెప్పాను.

"ఎందుకమ్మా అంత పంతం?"

"పంతం కాదండీ, ప్లాన్ బి. నారాయణగఢ్ మీ దారిలోనే కదా, అక్కడ దింపేస్తారా?"

దింపారు. ధైర్యం వేరు, ఖాళీ సీటు వదులుకోవడం వేరు. దిగేటప్పుడు పెద్దావిడ పులిహోర పొట్లం నా చేతిలో పెట్టి, నా బుద్ధి మారాలని దేవుణ్ని గట్టిగానే కోరుకున్నారు. మర్నాడు సరిహద్దు దగ్గర్నుంచి ఆంటీకి ఫోన్ చేసి, తిన్నానని చెప్పాను. "ఏడ?" అన్నారు. కాకర్‌భిట్టాలో అన్నాను. "అంటే పోతున్నవ్." పోతున్నాననే చెప్పాను. "మంచిది. అంకుల్ మ్యాపు ముందట పెట్టుకొని కూసున్నడు. ఆయనకు చెప్త, వేలు జర ఇటు జరుపుతడు."

భూటాన్‌లో బస్సు నిజంగానే టైముకి వచ్చింది. బంగ్లాదేశ్‌లో మాత్రం నా విద్య పనికిరాలేదు. నేను ఒక్కదాన్నే కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు ఎదురుగా వచ్చి కూర్చుని నా ఊరు, జీతం, పెళ్లి కనుక్కుని, చేప ముక్క కొసరి వెళ్లేవారు. కలకత్తా నుంచి రైల్లో తిరిగొచ్చి ఎదురింటి బెల్లు కొట్టాను. ఆంటీ తలుపు తీసి, నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు. "సన్నవడలే. మంచిగనే పోయొచ్చినవ్," అన్నారు. నాకొచ్చిన ప్రశంసల్లో నేను జాగ్రత్తగా దాచుకున్నది అదొక్కటే.

ఆ తర్వాత చాలా రోడ్లు మూసుకున్నాయి. వాటిలో కొండచరియలు తక్కువ. కిందటేడు ఓ ఉదయం మా టీం మొత్తాన్నీ ఓ గదిలోకి పిలిచి, ఇక రేపటి నుంచి రానక్కర్లేదని చాలా మర్యాదగా చెప్పారు. అందరూ కలిసి ఏదో ఒకటి తేల్చుకుందామన్నారు. వెంటనే ఊరెళ్లిపోదామని ఒకరు, దొరికిన ఉద్యోగంలో చేరిపోదామని ఒకరు. నేను కింద క్యాంటీన్‌కి దిగి, ఛోలే, అన్నం తీసుకుని, రద్దీగా ఉన్న హాలు మధ్యలో ఓ టేబుల్ చూసుకుని కూర్చున్నాను. ఆ రోజు భయం వేయలేదని అబద్ధం చెప్పను. అయినా ప్లేటు ఖాళీ చేశాను. ఖాళీ అయ్యాకే నాకు ఆకలి ఎంత ఉందో, భయం ఎంత ఉందో విడివిడిగా తెలుస్తాయి. చాలాసార్లు ఆకలే ఎక్కువ. మిగిలిన భయం చిన్నది, సంచిలో పడుతుంది. దాన్ని పెట్టుకుని బస్సెక్కవచ్చు.