మైకు బావ పెరటి కప్పు

మా అక్క మొగుణ్ణి బంధువులంతా మైకు బావ అంటారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడికొచ్చి ఆగుతుందో చెప్పేవాడు. ఒకసారి చెబితే చాలని ఏనాడూ అనుకోలేదు. చెప్పిందే మళ్లీ చెప్పి, అది అందరికీ వినబడిందో లేదోనని ఇంకోసారి చెప్పేవాడు.

ఆ గదికి నేను ఒకటి రెండుసార్లు వెళ్లాను. ఒక బల్ల, ఒక కుర్చీ, దుమ్ము పట్టిన గాజు కిటికీ. మైకు వైరు బల్ల మీంచి జారి, నేల మీదుగా గోడ దాకా పాకేది. అది కాస్త కదిలితే చాలు, బయట స్పీకర్లు గుర్రుమనేవి. అందుకని బావ మాట్లాడినంతసేపూ ఎడమ కాలితో దాన్ని తొక్కిపెట్టి ఉంచేవాడు. మాట ఆపితేనే కాలు తీసేవాడు. అంటే ఇంచుమించు తీసేవాడు కాదు.

ఆయన నోటి మాటకి జనం సంచులు భుజానికెత్తుకుని పరుగులు పెట్టేవాళ్లు. రిటైరై ఇంటికొచ్చాక ఆయన మాటకి ఇంట్లో పిల్లి కూడా కదలడం మానేసింది. అది ఆయనకి పెద్ద దెబ్బే. అయితే దెబ్బ తిన్న మనిషి నోరు మూసుకుంటాడనుకుంటాం. బావ అలా కాదు.

కూరగాయలమ్మేవాడికి బండి ఎలా తోయాలో చెప్పాడు. ఎదురింటి డ్రైవరుకి గేరు ఎలా మార్చాలో చెప్పాడు, తనకి సైకిలు తప్ప ఏదీ రాకపోయినా. ఇవన్నీ విని విని ఒక్క మనిషి మాత్రం ఇంకా ఆయన పక్కన కూర్చుని ఉంది. మా అక్క. ఆవిడ మిషను తొక్కుతూ ఊఁ కొడుతుంటే, ఆయన పక్కన కుర్చీ వేసుకుని లోకం సంగతులన్నీ సర్దిపెట్టేవాడు.

అక్క బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. పని పెరిగి ముందుగది చాలక, మిషన్లనీ గుడ్డ కత్తిరించే బల్లనీ పెరట్లోకి మార్చి, పైన టార్పాలిన్ కట్టించుకుంది. దాని బదులు రేకుల కప్పు వేయిస్తానని బావ ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాడు. కిందటి వానల్లో ఆ టార్పాలిన్ నీళ్లతో బొజ్జ పెంచి, ఒక మధ్యాహ్నం తాడు తెంచుకుని, కుట్టి మడతపెట్టిన చొక్కాలన్నిటి మీదా కుమ్మరించింది. ఆ రోజు అక్క ఒక్కటే మాట అంది.

"వచ్చే వానల్లోపు నెత్తి మీద కప్పు పడకపోతే, బజార్లో గది చూసుకుని మిషన్లు అక్కడికి పట్టుకుపోతాను."

అక్క ఉత్త బెదిరింపు మాటలు మాట్లాడదని మా అందరికీ తెలుసు. మళ్లీ ఎండలు ముదిరేసరికి గది చూసింది కూడా. అప్పుడు కదిలాడు బావ. నా షెడ్డుకొచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

"ఏమోయ్, మీ అక్క పొద్దున పోతే సాయంత్రం దాకా రాదట," అన్నాడు చివరికి.

"పనుంటే అంతేగా బావా."

"అంతేననుకో. మరి నేను అంతసేపూ ఎవరితో మాట్లాడాలి?"

ఆ ముఖం చూసి కాదనలేకపోయాను. నేను రేకుల పని చేస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. వేసి, చెడగొట్టి, విప్పి, మళ్లీ వేసి నేర్చుకున్నది. చేతిలో పనుండగా చెవి దగ్గర మాట్లాడే మనిషిని భరించలేను. అయినా ఒప్పుకున్నాను. ఆ తర్వాత నా తల ప్రాణం తోకకి రావడం ఎవరి తప్పూ కాదు.

అక్క వాళ్లది పెంకుల ఇల్లు. వెనక చూరు బాగా కిందికి దిగి ఉంటుంది. దాని కిందినుంచి రేకులు మొదలుపెట్టి పెరటివైపు వాలు ఇస్తే, అవతలి చివర మనిషి నడుం వంచి నడవాలి. చూరు చెక్కకే తగిలిద్దామా అంటే, నేను వేలితో నొక్కితే ఆ చెక్క తడిసిన బిస్కెట్టులా రాలింది. కాబట్టి ఒక వరస పెంకులు తీసి, గోడ మీద ఇనుప కాళ్లు బిగించి, వాటిని పెంకులపైకి తీసుకొచ్చి, పైన దూలంలా ఒక పైపు వేయాలి. కాళ్లు పైకొచ్చిన చోట నీళ్లు దిగకుండా రేకు తొడుగులు వేయాలి. పెరటి చివర స్తంభాల మీద ఇంకో పైపు, జానెడు కిందికి. అప్పుడు వాలు బయటికి, నీళ్లు బయటికి.

ఇది నేను బావకి చెప్పాను. అదే నేను చేసిన పొరపాటు.

"అది సరే, చూరుకే నాలుగు మేకులు కొడితే ఆగదంటావా?" అన్నాడు.

"ఆగదు బావా. చెక్క పుచ్చిపోయింది."

"పుచ్చిందనుకో. పొడుగు మేకులు కొడితే?"

"పొడుగు మేకు కొడితే పుచ్చిపోయిన చెక్క పొడుగ్గా ఊడొస్తుంది."

నా వెంట వచ్చిన వెల్డరు ముఖం అటు తిప్పుకుని నవ్వాడు. బావ దాన్ని మెచ్చుకోలు కింద తీసుకున్నాడు. ఇక వదల్లేదు. రేకుల రంగు గురించి చెప్పాడు. గాలి ఎటునుంచి వీస్తుందో చెప్పాడు. ఏ వాకిట్లోనో ఎవరి కప్పో ఎగిరి ఎవరి నెత్తిన పడిందో చెప్పి, అది మళ్లీ చెప్పి, వెల్డరుకి వినబడలేదేమోనని ఇంకోసారి చెప్పాడు. వెల్డింగు చేసేటప్పుడు ముఖానికి పెట్టుకునే అద్దాన్ని ఆ కుర్రవాడు పని లేనప్పుడు కూడా దించుకుని కూర్చున్నాడు.

"అన్నా, దీంతోబాటు చెవులక్కూడా ఏదన్నా దొరికితే బాగుండు," అన్నాడు నాతో.

ఇంటివైపు కాళ్లు బిగించాక స్తంభాలకి ఎత్తు గుర్తు పెట్టాలి. దానికి నేను వాడేది నీళ్లు నింపిన పారదర్శకపు ట్యూబు. ఒక కొస ఇక్కడ, ఒక కొస అక్కడ పట్టుకుంటే రెండువైపులా నీళ్లు ఒకే మట్టానికి వస్తాయి. నేల ఎంత వాలుగా ఉన్నా నీళ్లు అబద్ధం చెప్పవు. పెరడు వాలుగా ఉంది, ప్రహరీ గోడ ఇంకోలా వాలి ఉంది, కంటిని నమ్మే వీల్లేదు. ట్యూబునే నమ్మాలి.

నేను గోడ దగ్గర నిచ్చెన మీద ఒక కొస పట్టుకున్నాను. వెల్డరు రెండో కొస తీసుకుని స్తంభం దగ్గర స్టూలెక్కాడు. మధ్యలో ట్యూబు నేల మీద పడి ఉంది. బావ మధ్యలో నిలబడి, నీళ్లు మట్టానికి ఎందుకు వస్తాయో మా ఇద్దరికీ వివరిస్తున్నాడు.

"నిలిచాయా?" అని అరిచాను.

"నిలిచాయన్నా. ఎప్పుడో నిలిచాయి."

"చూశావా, ఎంత తొందరగా నిలిచాయో," అన్నాడు బావ, తనే నిలబెట్టినట్టు.

గుర్తు పెట్టాం. దానికి జానెడు కిందికి స్తంభాలు కోశాం, పైపులు వేశాం, రేకులు బిగించాం. సాయంత్రానికి తొడుగులు తప్ప కప్పు పూర్తయింది. అక్క లోపలి గదిలో, ఆ వెనక గోడ పక్కనే, కత్తిరించిన గుడ్డ పేర్చుకుని, మర్నాడు మిషన్లు సర్దుకోవచ్చని చూస్తోంది. ముఖంలో కాస్త వెలుగు కూడా కనబడింది.

కప్పు వేశాక బకెట్టు నీళ్లు పోసి చూడకుండా నేను ఏ ఇల్లూ వదలను. బకెట్టు తెమ్మన్నాను. బావ తెచ్చాడు కానీ నాకివ్వలేదు.

"ఇది నేను పోస్తానోయ్. ఇంటి యజమానిని."

నిచ్చెనెక్కాడు. గొంతు సవరించుకున్నాడు. పక్కింటివాళ్లూ, వాళ్ల పెరట్లోకి వచ్చి నిలబడ్డ ఎదురింటి డ్రైవరూ గోడ మీంచి చూస్తుంటే, పాత బస్టాండు గొంతుతో మొదలెట్టాడు. "అందరూ గమనించవలెను. నీళ్లు ఇంటివైపు నుంచి బయలుదేరి పెరటివైపు వెళ్లును."

పోశాడు. నీళ్లు బయలుదేరలేదు. కాసేపు ఎటు వెళ్లాలో తెలియనట్టు రేకు మీద తచ్చాడి, మెల్లగా వెనక్కి తిరిగి, ఇంటివైపు నడిచి, పెంకుల మీదికి పొర్లి, ఇంకా తొడుగులు వేయని ఇనుప కాళ్ల పక్కనుంచి లోపలికి దిగిపోయాయి.

"తిరుగు ప్రయాణం లాగుంది మైకు గారూ," అన్నాడు డ్రైవరు గోడ అవతల.

అక్క లోపల్నుంచి వచ్చింది. చేతుల మీద తెల్లగుడ్డ, దాని మీద పెంకుల మసి నీళ్లు గీతలు గీతలుగా కారి ఉన్నాయి. ఆవిడ కేకలు వేసి ఉంటే బాగుండేది.

"ఒరే తమ్ముడూ, రేపు ట్రాలీ మాట్లాడు. మిషన్లు బజారు గదికి పంపించేద్దాం," అంది.

"ఒక్క పూట ఆగక్కా. ఎక్కడో తేడా వచ్చింది."

"మీ తేడాలు మీరు చూసుకోండి. ట్రాలీ నేనే మాట్లాడుకుంటాను. నాకు గుడ్డ ఆరబెట్టుకునే పనుంది."

బావ నిచ్చెన దిగలేదు. బకెట్టు పట్టుకుని అక్కడే ఉండిపోయాడు.

నాకు నా మీద, రేకుల మీద, ఆ రోజు మీద ఒళ్లు మండిపోయింది. పైపులన్నీ మళ్లీ చూశాను. అతుకులు బాగున్నాయి, కోతలు బాగున్నాయి. ఇక మిగిలింది ట్యూబే. మర్నాడు పొద్దున్నే దాన్ని పరిచాం. అదే గోడ, అదే నిచ్చెన, అదే స్టూలు. బావ లేచి వచ్చి అదే చోట నిలబడ్డాడు. ట్యూబులో గాలి బుడగ చేరి ఉంటుందని, తను నిన్ననే అనుకున్నానని మొదలుపెట్టాడు.

నీళ్లు చటుక్కున నిలిచాయి. మామూలుగా అవి కాసేపు పైకీ కిందికీ ఊగుతాయి, ఆ తర్వాతే నిలుస్తాయి. నేను నిచ్చెన మీంచి కిందికి చూశాను.

"బావా."

"చెప్పు."

"మీ ఎడమ కాలు ఎక్కడుంది?"

ఆయన కిందికి చూసుకున్నాడు. ట్యూబు ఆయన చెప్పు కింద బల్లపరుపుగా నలిగి ఉంది. అటు నీళ్లు అటే, ఇటు నీళ్లు ఇటే. వెల్డరు ఎత్తు స్టూలెక్కి తన కొస ఎంత పైకి తీసుకెళ్తే మట్టం అంత పైకి పోయింది. మేం జానెడు దించామనుకున్న చివర నిజానికి పైకి లేచి కూర్చుంది.

"వైరు కదలకూడదు కదా," అన్నాడు బావ, చాలా చిన్నగా.

వెల్డరు స్టూలు మీంచి దిగి, తల పట్టుకుని, మళ్లీ ఎక్కాడు. నేను నోటికొచ్చినంతా అందామనుకున్నాను. అంతలో గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న అక్క దిగి వచ్చింది. బ్లౌజుకి గుచ్చుకున్న సూదులతోనే, చేతిలో దర్జీ సుద్దతోనే వచ్చింది. పెరటి మూల, పనికి దూరంగా, నేల మీద గుండ్రంగా ఒక గీత గీసింది.

"ఏమండీ, ఇక్కడ నిలబడండి."

"నేను పట్టుకోవడానికి ఏదైనా…"

"ఏమీ పట్టుకోవద్దు. మాట్లాడాలనిపిస్తే లోపల మాట్లాడుకోండి. సాయంత్రం దాకా ఈ గీత దాటలేదంటే ట్రాలీవాణ్ణి వద్దంటాను."

బావ వెళ్లి ఆ గీత మధ్యలో నిలబడ్డాడు. రిటైరైన తర్వాత ఆయన ఒకరి మాటకి కదలడం నేను చూడటం అదే మొదలు.

మళ్లీ మట్టం చూశాం. ఈసారి నీళ్లు ఊగి ఊగి, తీరిగ్గా నిలిచాయి. రేకులు విప్పాం, పైపులు దించాం, స్తంభాలు కోశాం. విప్పడమంత విసుగు పని ఇంకొకటి లేదు. బిగించిన ప్రతి బోల్టూ ఎంత బాగా బిగించావని నిన్ను వెక్కిరిస్తుంది. బావ మాత్రం నిలబడే ఉన్నాడు. వెల్డరు ఒక బోల్టు వంకరగా పెడుతుంటే ఆయన నోరు తెరుచుకుంది. అక్క కిటికీలోంచి చూసింది. ఆ నోరు మూసుకుంది. మధ్యాహ్నం అక్క కుర్చీ తెచ్చి గీతలో వేసింది. మంచినీళ్లు కూడా అక్కడికే ఇచ్చింది.

తొడుగులన్నీ వేశాక, సాయంత్రం బకెట్టు నేనే పోశాను. నీళ్లు బయటికి పోయాయి. అక్క చివరిదాకా వాటిని చూసి, లోపలికెళ్లి ట్రాలీవాడికి ఫోను చేసింది.

మొదటి వాన పడిన రోజు, పైపుల అతుకులు ఎలా ఉన్నాయో చూడ్డానికి వెళ్లాను. రేకుల మీద వాన చప్పుడు, దాని కింద మిషను చప్పుడు, ఆ రెండిటి కింద బావ. ఎదురింటి డ్రైవరు గొడుగుతో వచ్చి పైకి చూస్తున్నాడు.

"బాగా కుదిరింది. ఎవరు వేశారండీ?"

"ఇంకెవరు," అన్నాడు బావ. "దగ్గరుండి నేనే…"

మిషను ఆగింది. వాన చప్పుడొక్కటే మిగిలింది.

"మా బావమరిది వేశాడు," అన్నాడు. "నేను పక్కకి జరిగాను."

మిషను మళ్లీ మొదలైంది. అక్క దానికి కొత్తగా మోటారు పెట్టించుకున్నట్టుంది. దాని వైరు నేల మీదుగా గోడ దాకా పాకింది. బావ ఎడమ కాలు దాని మీదే ఉంది. అక్క దాన్ని చూసి కూడా మిషను ఆపలేదు. ఆయన అప్పటికే డ్రైవరుకి గొడుగు ఎలా మడవాలో చెబుతున్నాడు.

కప్పు పూర్తయిన రోజు నా ట్యూబు చుట్ట పెరటి మూలనే మరిచిపోయి వెళ్లాను. ఇప్పుడు తీసి, నీళ్లు వంచేసి, సంచిలో అడుగున పెట్టుకున్నాను.