తిరగబడతాడా అంటే అవునన్నాను

మా తమ్ముడు ప్రవీణ్ చర్చిలో కీబోర్డు వాయించేవాడు. ఒక ఆదివారం పాట సగంలో ఉండగా రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని ఊరుకున్నాడు. సంఘమంతా వాయిద్యం లేకుండానే పాట పూర్తి చేసింది. బయటికొచ్చాక "ఏటైందిరా?" అని అడిగాను. "ఏటీ నేదక్కా. తరవాత ఏటి వాయించాలో తోచనేదు" అన్నాడు. పదేళ్లుగా వాయిస్తున్న పాట అది.

మాది నర్సీపట్నం. అమ్మా నాన్నా పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను, వాడు ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్. ఆ ఆదివారం తరవాత వాడికి తిండి తగ్గింది. గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. స్నానం చెయ్యమంటే ఏడ్చేవాడు. నేను గ్యాస్ ట్రబుల్ అనుకున్నాను. నిజం చెప్పాలంటే, గ్యాస్ ట్రబులే అయితే బాగుండునని అనుకున్నాను. ఎండోస్కోపీ నార్మల్ అని వచ్చింది. ఆ పరీక్ష చేసిన డాక్టరు గారే విశాఖపట్నంలో సైకియాట్రీ ఓపీకి రాసిచ్చారు.

అక్కడి డాక్టరమ్మ వాణ్ణి చాలాసేపు మాట్లాడించి, తరవాత నన్ను లోపలికి పిలిచారు. "ఇది డిప్రెషన్. జబ్బే, మందులున్నాయి. పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గింది కదా అని మీ అంతట మీరు ఆపకండి" అన్నారు.

చర్చిలో ప్రార్థన చీటీ మీద మాత్రం "తమ్ముడి గ్యాస్ట్రిక్ సమస్య కొరకు" అని రాశాను. వారం వారం పాస్టరు గారు నా తమ్ముడి కడుపు కోసం దేవుణ్ణి బతిమాలుతుంటే, తల వంచుకుని ఆమెన్ అన్నాను.

రెండు నెలలకి వాడు కోలుకుని మళ్లీ వైరింగ్ పనులకి వెళ్లాడు. ఆ బిళ్లలు చూసి ఎవరైనా ఏం జబ్బని అడుగుతారని నా భయం. "ఇంక సాల్లేరా" అని నేనే ఆపించేశాను. డాక్టరమ్మ మాట మర్చిపోయి కాదు, గుర్తుండే ఆపించాను. మూడు వారాలు తిరక్కుండా వాడు మళ్లీ మూలన కూర్చున్నాడు. ఒకరోజు నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో లేడు. ఫోను మంచం మీదే ఉంది.

ఊళ్లోనే ఉండే మావయ్యను తోడు తీసుకుని పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తాను. "పాతికేళ్ల కుర్రోడు కదమ్మా, ఏ ఫ్రెండు కాడికో ఎల్లుంటాడు. రేపటిదాకా సూడండి" అన్నారు హెడ్ కానిస్టేబుల్. మావయ్య నన్ను పక్కకి లాగాడు.

"మామూలుగా సెప్తే ఎవులు పట్టించుకుంటారే? మతిస్థిమితం నేదని సెప్పీ. బేగి ఎతుకుతారు."

చెప్పాను. హెడ్ కానిస్టేబుల్ కాగితం తీశారు. "మనుషుల్ని గుర్తుపడతాడా?" అని అడిగితే పట్టడన్నాను. "తిరగబడతాడా?" అని అడిగారు. అవునంటే ఇప్పుడే కదులుతారనిపించింది. "అవునండీ, తిరగబడతాడు" అన్నాను. పిల్లల వ్యాసంలో ఒక్క మాట ఎక్కువైతే ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని, ఆయన చదివి వినిపించిందంతా విని మరీ సంతకం పెట్టాను.

మర్నాడు పొద్దున కృష్ణదేవిపేటలో దొరికాడు. షేర్ ఆటోలు ఆగే చోట కూర్చుని ఉంటే, వాట్సాప్‌లో తిరుగుతున్న వాడి ఫొటో చూసిన ఒక ఆటో డ్రైవరు వాడికి టీ ఇప్పించి, మేము వెళ్లేదాకా పక్కనే కూర్చున్నాడు. మనుషుల్ని గుర్తుపట్టడని నేను రాయించిన మనిషి, నన్ను చూడగానే "అక్కా" అన్నాడు. మందులు మళ్లీ మొదలుపెట్టాం. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "ఈసారి మందులు మీ తమ్ముడి దగ్గరే ఉంచండి" అన్నారు, అంతే.

ఏడాదిన్నర బాగా గడిచింది. వాడు పరీక్ష రాసి, విశాఖలో ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో టెక్నీషియన్‌గా సెలెక్టయ్యాడు. చేరాలంటే పోలీస్ వెరిఫికేషన్ కావాలి. స్టేషన్ నుంచి ఇద్దరికీ పిలుపొచ్చింది. మనమీద కేసులేం ఉన్నాయని, నేను ఇస్త్రీ చీర కట్టుకుని ధీమాగా వెళ్లాను.

ఎస్సై గారు ఒక ఫైలు మా ముందు పెట్టారు. "ఇది కేసు కాదమ్మా, అప్పట్లో మీరిచ్చిన కంప్లయింటే. కానీ ఇంత రాసి ఉండగా, ఏమీ లేదని నేనెలా పంపను?"

ప్రవీణ్ ఆ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. వాడికి తెలుగు చదవడం నేర్పింది నేనే. తలెత్తి, నెమ్మదిగా అడిగాడు.

"నేనెప్పుడైనా నీ మీద సెయ్యెత్తానా అక్కా?"

"నేదురా. నేనే అబద్ధం సెప్పాను" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఎస్సై గారి ముఖం చూడలేకపోయాను, వాడి ముఖం అసలే చూడలేకపోయాను.

"రాసింది చెరపడం కుదరదు. దాని కింద ఇంకో కాగితం పెట్టగలను" అన్నారు ఎస్సై గారు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, క్రమంగా మందులు వాడుతున్నాడు, ఉద్యోగానికి ఫిట్ అని రాసిచ్చారు. వాడెప్పుడూ తిరగబడలేదని కూడా రాయమని బతిమాలాను. "జబ్బు గురించి నేను రాస్తాను. మీరు చెప్పిన అబద్ధం గురించి మీరే రాయాలి" అన్నారు. రాసి, ఎస్సై గారికి ఇచ్చాను.

ఉద్యోగం ఉందో పోయిందో తెలియకుండా నాలుగు నెలలు గడిచాయి. వాడితో సెలెక్టయినవాళ్లు చేరిపోయి ఫొటోలు పంపేవారు. వాడు రోలుగుంటలో ఇళ్లకి వైరింగ్ చేసుకుంటూ, నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది. చివరికి ఉత్తరం వచ్చింది. ఇప్పుడు అక్కడే పనిచేస్తున్నాడు, తనతో సెలెక్టయినవాళ్లకే జూనియర్‌గా. రోజూ ఒక బిళ్ల, మూడు నెలలకోసారి ఓపీ. నేనిచ్చిన పాత కాగితం మాత్రం ఆ ఫైల్లోనే ఉంది.

మొన్న వాణ్ణి అడిగి, ప్రార్థన చీటీ మీద "తమ్ముడి డిప్రెషన్ కొరకు" అని రాశాను. పాస్టరు గారు పైకి చదివారు. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. నా ముఖం వేడెక్కింది, కానీ తల వంచుకోలేదు.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి కనబడకపోతే, ఆలస్యం చెయ్యకుండా స్టేషన్‌కి వెళ్లండి. మందుల చీటీ పట్టుకెళ్లి, డాక్టరు చెప్పిన జబ్బు పేరే రాయించండి. తిరగబడతాడా అని అడిగితే ఉన్నదే చెప్పండి. ఏదో ఒకరోజు ఆ కాగితాన్ని ఆ మనిషే చదువుతాడు.