బావ కుస్తీకి ఇంగ్లీషు శభాష్

నిజాం సర్కారు ఏలిన ఆ కాలంలో మా ఇబ్రహీంపట్నంలో మెచ్చుకోళ్ళకు కరువేమీ ఉండేది కాదు గానీ, అంతా పాత సరుకే. పని బాగా చేసినవాడికి శభాష్, పాట బాగా పాడినవాడికి వాహ్వా, దున్నపోతుకైతే వీపు మీద ఒక చరుపు. (కొందరు పెద్దమనుషులు మనుషులకు కూడా ఆ చరుపే ఇచ్చేవారు.) అలాంటి ఊరికి ఇంగ్లీషు మెప్పును మోసుకొచ్చినవాణ్ణి నేను. తెమ్మని ఎవరూ అడగలేదు. పట్నంలో (మా ఊరి పేరులోనే పట్నం ఉన్నా, మాకు పట్నమంటే హైదరాబాదే) మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటూ సెలవులకు ఊరికి వచ్చేవాణ్ణి. అప్పుడు నాకు పదహారేళ్ళు. మీసం ఇంకా రాలేదు, గర్వం మాత్రం దండిగా వచ్చింది.

ఆ ఏడు పట్నంలో ఒక నాటకం చూశాను. రాజు వేషగాడు పద్యం పాడి రాగం తీయగానే జనం లేచి నిలబడి "వన్స్ మోర్!" అని అరిచారు. ఆయన వెంటనే ఆ పద్యమే మళ్ళీ పాడాడు. పొగడ్తకు పొంగిపోయి, ఒళ్ళు తెలియక మళ్ళీ పాడుతున్నాడనుకున్నాను. ఇంతకంటే గొప్ప మెప్పు ఇంగ్లీషులో ఉండదని తీర్మానించుకున్నాను. అర్థం ఎవరినైనా అడగొచ్చు కదా అంటారేమో. అడిగితే నాకు తెలియదని తెలిసిపోదూ!

ఊరికి రాగానే తాలీంలో, అంటే మా కుర్రాళ్ళు కుస్తీ నేర్చుకునే చోట, పాఠం మొదలుపెట్టాను. "చిన్న పనికి వెల్ డన్. జర పెద్దదైతే బ్రేవో. మనిషికి కడుపు నిండాల్నంటే వన్స్ మోర్" అని చెప్పాను. వారం తిరక్కుండా ఊరంతా పాకింది. మంగలి గడ్డం గీసి అద్దం చూపిస్తే వెల్ డన్, కోడెదూడ కాడికి మెడ వంచితే బ్రేవో. ఒకనాడు మా నాయనమ్మ జొన్న గటక వడ్డిస్తుంటే నేనూ వెల్ డన్ అన్నాను. "చాలైతె చాలను, గా అరుపేందిరా?" అని గిన్నె తీసుకుని పోయింది. ఆ పూట సగం కడుపుతోనే లేచాను.

ఇక మా బావ సంగతి. అక్క మొగుడు, తాలీం నడిపే ఉస్తాద్‌కు ముద్దుల శిష్యుడు. ఏటా దర్గా ఉర్సు జాతర నాడు జరిగే కుస్తీలో బాలాపూర్ పైల్వాన్ చేతిలో పడిపోవటం, గెలిచినవాడికిచ్చే వెండి కడెం బాలాపూర్‌కు పోవటం అలవాటైపోయింది. బాయి కాడ ఆడవాళ్ళు నవ్వుతున్నారని అక్కకు తలకొట్టేసినట్టుండేది. "ఈపారి గూడ ఎల్లెల్కల పడ్డవనుకో, నేను మా అమ్మగారింటికి పోత" అని బావకు తెగేసి చెప్పింది. (అమ్మగారిల్లు నాలుగిళ్ళ అవతలే. అయినా మాట మాటే.) బావ నిజంగానే బెంగ పెట్టుకున్నాడు. "బామ్మర్దీ, నేను గెలిస్తె గట్టిగ ఒర్లున్రి. బాలాపూర్ దాంక ఇనబడాలె" అన్నాడు నాతో.

ఉర్సు రోజు వచ్చింది. గోదా చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. గెలుపోటములు తేల్చటానికి పోలీసు అమీన్‌సాబు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఇద్దరూ కలబడ్డారు. చూస్తుండగానే బాలాపూర్ పైల్వాన్ మా బావ మెడ వంచేశాడు. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను. అంతలో ఎర్రమట్టి దుమ్ము ముక్కులోకి పోయి పైల్వాన్‌కు తుమ్ము వచ్చింది. మామూలు తుమ్ము కాదు. పట్టు వదిలి తుమ్మాడు. బావ ఒక్క తోపు తోశాడు. పైల్వాన్ వెల్లకిలా పడ్డాడు. బావే నమ్మలేక తన చేతులు చూసుకున్నాడు.

"వన్స్ మోర్!" అని నేనందుకున్నాను. ఊరంతా ఒక్క గొంతై "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని గోల పెట్టింది. అమీన్‌సాబు ముఖం వెలిగిపోయింది. "వాహ్! ఇబ్రహీంపట్నంల అంగ్రేజీ!" అని కుర్చీలోంచి లేచి చెయ్యెత్తాడు. "ఇంకోపారి పట్టాల్నని జనమే అడుగుతున్నరు. సహీ బాత్! తుమ్ముతోని గెలుపేంది? మళ్ళ పట్టున్రి!"

ఉస్తాద్ చేతులు జోడించాడు. "హుజూర్, పోరగాళ్ళు ఖుషీతోని అన్నరు."

"ఖుషీ ఉన్నది గద, ఇంకోపారి చూడున్రి" అన్నాడు అమీన్‌సాబు. బాలాపూర్ వాళ్ళు చప్పట్లు కొట్టారు.

బావ నా దగ్గరికి వచ్చాడు. "ఏమన్నరురా మీరు?"

"మెచ్చుకున్నం బావా."

"మెచ్చుకుంటె మళ్ళెందుకు పట్టుమంటున్నడు?"

ఆడవాళ్ళ మధ్య నుంచి అక్క చూసిన చూపుకు తలెత్తలేకపోయాను.

రెండో కుస్తీ చాలాసేపు జరిగింది. పైల్వాన్ మండిపోతున్నాడు, బావ రొప్పుతున్నాడు. రెండుసార్లు మోకాళ్ళ మీద పడి లేచాడు. మూడోసారి ఏ మొండితనం పుట్టిందో, పైల్వాన్ నడుము చేజిక్కించుకుని అమాంతం ఎత్తి నేలకేశాడు. రెండు భుజాలూ మట్టికి ఆనాయి. తుమ్ము లేదు, దగ్గు లేదు. అసలైన గెలుపు.

నేను నోరు తెరిచాను. ఉస్తాద్ అరచేయి వచ్చి నా మూతి మీద పడింది. చుట్టూ చూస్తే ఊళ్ళో ఒక్కడు కిక్కురుమంటే ఒట్టు. శభాష్ అన్నా ఏం ముంచుకొస్తుందోనని భయం. బావ చేతులు పైకెత్తి గోదా చుట్టూ తిరిగాడు. ఎటు తిరిగితే అటు జనం తలలు దించుకున్నారు.

"క్యా హై? గెలిస్తె ఖుషీ లేదా?" అన్నాడు అమీన్‌సాబు.

"మస్తుగున్నది హుజూర్. లోపల్నే ఉన్నది" అన్నాడు ఉస్తాద్.

పొద్దుగూకే వేళ పొలం గట్ల మీదుగా ఇంటికి బయల్దేరాం. అక్క కడెం కొంగులో కట్టుకుని, ఎవరికి ముందు చూపించాలో అన్న ఆత్రంతో చాలా ముందుకు వెళ్ళిపోయింది. బావ కావాలనే నాతో వెనకబడ్డాడు. వీపు విమానం మోత మోగుతుందని ఖాయం చేసుకున్నాను.

"ఎవలన్న ఉన్నరా చూడు" అన్నాడు.

"లేరు బావా."

"అమీన్‌సాబు?"

"ఎప్పుడో పోయిండు."

"అయితె ఒర్లు."

"ఏమని?"

"గదే, నీ ఇంగ్లీషుది. గంత కష్టపడి గెలిస్తె ఒక్కడు నోరు తెరువలె. నాకు ఏడుపొస్తున్నదిరా."

ఊపిరంతా పోగేసుకుని "వన్స్ మోర్!" అని అరిచాను. బావ రెండు చేతులూ పైకెత్తి, మనిషన్నవాడు లేని ఆ పొలాల వైపు నలుదిక్కులా తిరిగాడు. చేతులు దించకుండానే "ఇంకోపారి" అన్నాడు. అరిచాను. మళ్ళీ ఇంకోపారి అన్నాడు. ఎన్నిసార్లు అరిపించుకున్నాడో గానీ, మర్నాడు నాకు గొంతు లేదు. అరుపులు విని అక్క ఆగి, "ఏమైందే మీకు?" అని అక్కణ్ణుంచే కేకేసింది.

"ఏం లేదు, నీ తమ్ముడు ఇంగ్లీషు చదువుతుండు" అన్నాడు బావ.

ఇప్పుడు నాకు ఆ మాటకు అర్థం బాగా తెలుసు. అంత గట్టిగా అరవటమే చేతకావటం లేదు.