మలుపు దగ్గరి గోడ

పన్నెండేళ్లుగా ఒక గోడను మోస్తున్నాను. మెట్టుగూడలో మా సందు మలుపులో ఉంది, వెళ్తే మీకూ కనబడుతుంది. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఇల్లు కట్టేటప్పుడు ప్రహరీని రెండడుగులు సందులోకి జరిపించాను. అందరూ జరుపుకుంటున్నారుగా అనుకున్నాను. అందరూ అంటే ఎవరు? మా సందులో నేనొక్కణ్ణే.

అప్పట్లో నేను సిటీ బస్సుల ఆఫీసులో రూట్లు చూసేవాణ్ణి. మెట్రో కోసం మెయిన్ రోడ్డు తవ్వి మా బస్‌స్టాపు ఎత్తేశారు. బస్సును మా సందులోంచి తిప్పొచ్చేమో చూసి రమ్మని నన్నే పంపారు. ఖాళీ బస్సులో టేపు పట్టుకుని వెళ్లాం, డ్రైవరూ నేనూ. మలుపులో బస్సు ఇరుక్కుంది. డ్రైవరు దిగి మా గోడను అరచేత్తో తట్టాడు.

“గీ గోడ జెర ఎనకకు ఉంటే బండి అల్కగ తిరుగుతుండె సార్. గీ ఇల్లు ఎవరిది?”

“ఏమో, తెలీదు,” అన్నాను.

మా ఆవిడ కిటికీలోంచి చూస్తోంది. చెయ్యి ఊపబోయింది కూడా. నేను టేపు చుట్టుకుంటూ తల దించుకున్నాను.

సందు ఇరుకు, బస్సు తిరగదు అని రిపోర్టు రాశాను. ఒక్క అంగుళం కూడా తప్పు రాయలేదు సుమా. ఎందుకు ఇరుకో మాత్రం రాయలేదు. దాన్ని అబద్ధమంటారా? అనరని, కొలతలు సరిగ్గానే ఉన్నాయని, అడగని సంగతి రాయడం నా పని కాదని, అన్నం తింటూ, స్నానం చేస్తూ ఇన్నేళ్లూ నాతో నేనే వాదించుకున్నాను. సిగ్గులేని వాదన.

బస్సు చుట్టుదారి పట్టింది. ఒక స్టేజీ పెరిగింది, దాంతో చార్జీ పెరిగింది. స్టాపేమో కిలోమీటరు దూరం పోయింది. ఎదురింటి సుగుణ టీచరుగారిది బోయిన్‌పల్లిలో బడి. అప్పటికే మోకాళ్ల నొప్పులు. ఎండనకా వాననకా ఏడాది నడిచారు, తర్వాత ఉద్యోగం మానేశారు. బడిపిల్లలంటే ప్రాణం ఆవిడకి.

పాత స్టాపున్న చోట మెట్రో మెట్లొచ్చాయి. ఇక బస్సు రావాలంటే మా సందే దిక్కు. అందుకని ఏటా సందు జనం తరఫున అర్జీ రాయించుకోవడానికి టీచరుగారు నా దగ్గరికే వస్తారు, బస్సాఫీసులో చేసి రిటైరైనవాణ్ణి కదా. నేనే రాస్తాను, ముత్యాల్లాంటి అక్షరాలతో. అక్కడ నా రిపోర్టే తీసి చూసి కుదరదంటారు. గోడ కొట్టించేద్దామంటే ఇన్నాళ్లూ ఏం చేశావని సందంతా అడుగుతుంది. ఉంచుదామంటే ఆవిడ మళ్లీ వస్తారు. ఎటూ కదల్లేను.

నిన్నా వచ్చారు. ఎదురింటి నుంచి ఇటు దాటేసరికే ఆయాసమొచ్చి, లోపలికి రాలేక మా గోడకే ఆనుకుని నిలబడ్డారు.

“మీరున్నారనే ధైర్యం, అన్నయ్యగారూ,” అన్నారు.

కాగితం అందుకుని రాసిచ్చాను. మొదటి సంతకం నాదే.

ఆవిడకు చెప్పే ధైర్యం ఇవాళ కూడా లేదు. కనీసం ఆ డ్రైవరు అడిగినదానికైనా జవాబు చెప్పనివ్వండి.

ఆ ఇల్లు నాది.