పైవి దించొద్దు

మా మామ చీరల కొట్టును మూడు తరాలుగా కాపాడుతున్న రహస్యాన్ని నేను ఒక్క ఆదివారం పొద్దున, గోడకు మేకు కొట్టి మరీ ఊరికి అప్పగించాను. ఎలాగో చెబుతాను. నవ్వండి, కానీ మామ ఎదురుగా మాత్రం నవ్వకండి.

మదురైలో మా వీధి వాళ్లం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుతాం. తెలుగు అక్షరం ఎదురైతే జిలేబీని చూసినట్టు చూస్తాం. పట్టుబట్టి ఆ అక్షరాలు నేర్చుకున్న నేను, ఆ లోటు తీర్చాలని కొట్టు పైగదిలో ఆదివారం క్లాసు పెట్టాను. గది మామదే. పిల్లల చేత ముందు బొమ్మ గీయించాలి, దాని గురించి మాట్లాడించాలి, ఆ మాటలనే రాయించాలి అని టీచరు ట్రైనింగులో అప్పుడే నేర్చుకొచ్చాను. ఇరవై రెండేళ్లకే అంత తెలివి తలకెక్కితే కాళ్లు నేల మీద నిలుస్తాయా?

"ఇంట్లోనో కొట్లోనో రోజూ వినే మాట ఒకటి బొమ్మగా గీయండి" అన్నాను.

మూడో క్లాసు చదివే మామ కూతురు పావని కొట్టునే గీసింది. మీసాల మామ, ఎదురుగా నల్ల గొడుగుతో ఒకావిడ.

"నాయన ఏమంటా ఉండాడు పాపా?"

"'ఇది చూసి పోయే గిరాకి, పైవి దించొద్దు' అంటాడు వదినా. ఆమె వస్తే ఎప్పుడూ అదే!"

పైవి అంటే పై అరల్లోని ఖరీదైన చీరలు. ఎంత సహజమైన వాక్యం! మురిసిపోయి తెలుగులో రాయించాను. అక్కడితో ఆగానా? తమిళం వాళ్లకూ తెలియాలని ప్రతి బొమ్మ కిందా ముత్యాల్లాంటి అక్షరాలతో తమిళంలో అర్థం కూడా రాశాను. కొనేవాళ్లకు తెలియకూడని మాటలన్నీ మా కొట్లలో తెలుగులోనే నడుస్తాయన్న సంగతి, ఆ వీధిలో పుట్టిన నాకే ఆ పూట గుర్తు రాలేదు.

మామ బొమ్మలో తన మీసాలు చూసుకున్నాడు, కింద రాసింది చూడలేదు. "బలే ఉండాది! కొట్లోనే మాట్టమ్మా, అందరూ చూడనీ" అన్నాడు. మేకు కొట్టి తగిలించాను.

గంట తిరక్కముందే నల్ల గొడుగు వచ్చింది. సెల్వి అమ్మ, రిటైరైన తమిళ టీచరు. బొమ్మ చూసింది. తన గొడుగు చూసుకుంది. కళ్లజోడు పెట్టుకుని కింద రాసింది రెండుసార్లు చదివింది.

"ఎన్న అణ్ణాచ్చి, ఇదు నాన్దానే?" అంది. ఏమయ్యా, ఇది నేనే కదా అని.

మామ అప్పుడు కిందున్న తమిళం చదివాడు. ముఖం తడిసిన నూలు చీరలా ముడుచుకుపోయింది. "అది... చిన్నపిల్ల... సుమ్మా..." అని నసిగాడు, ఊరికే గీసిందని.

"పైవి దించితే కదా నేను కొనేది!" అని తమిళంలో అనేసి ఆవిడ వెళ్లిపోయింది.

మామ నా వైపు తిరిగాడు. "తాత కాలం నించి కాపాడుకొంటా వచ్చినాము. నువ్వు అర్థం రాసి మాట్టినావే! క్లాసు మూసెయ్. తాళం ఇచ్చెయ్."

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. పదకొండు మంది పిల్లలు అప్పుడప్పుడే తమ పేర్లు తెలుగులో రాస్తున్నారు. "వచ్చే ఆదివారం ఒక్కటి మామా, పిల్లకాయలకు చెప్పి మూసేస్తా" అని బతిమాలాను.

ఆ ఆదివారం మెట్ల మీద గొడుగు టకటకమంది. సెల్వి అమ్మ నోటుబుక్కుతో వచ్చి పావని పక్కన కూర్చుంది. "నా గురించి ఇంకా ఏమేం అంటున్నారో నేనూ తెలుసుకోవాలి" అంది. కింద మామకు సంగతి తెలిసింది. ఆవిడను పొమ్మనలేడు, ఆవిడ ఉండగా క్లాసూ మూయలేడు. తాళం మళ్లీ అడగలేదు.

నెల తిరిగేసరికి ఆవిడ తన మొదటి బొమ్మ గీసి, కిందికి పట్టుకెళ్లి మామ ముందు పెట్టింది. అదే మామ, అవే మీసాలు, పక్కన ఒక నిచ్చెన. కింద వంకర టింకర తెలుగులో ఒకే వాక్యం. తమిళ అర్థం లేదు.

మామకు తెలుగు చదవడం రాదు. "ఏం రాసుండాది పాపా?" అని పావనిని అడిగాడు.

"'పైవి దించండి' అని రాసుండాది నాయనా."

మామ నిచ్చెన ఎక్కాడు.

నేర్చుకున్న చదువు మీద ఒట్టు, సెల్వి అమ్మ గొడుగు సాక్షి, ఇక జన్మలో ఏ బొమ్మ కిందా అర్థం రాయను. కావలసిన వాళ్లు మెట్లెక్కి వచ్చి నేర్చుకుంటారు. మామతో సహా.