హుస్సేనీ ఆలంలో మూడు నెలలు జీతం లేకుండా పాఠాలు చెప్పాను

మాది మలేసియా. అక్కడే పుట్టి పెరిగి, ముప్ఫై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చిన్నాన్న కూతురి పెళ్లికని పది రోజులకు హైదరాబాదు వచ్చాను. పెళ్లిలో పరిచయమైన ఒకాయన హుస్సేనీ ఆలంలో చిన్న ప్రైవేటు బడి నడుపుతున్నారు. తెలుగు, ఇంగ్లీషు రెండింట్లోనూ చదువు. "ఒక్కసారి వచ్చి చూడండి మేడమ్" అంటే వెళ్లాను. మూడో తరగతి పిల్లలు చుట్టూ మూగేసరికి మనసు కరిగిపోయింది. జీతం వద్దు, మూడు నెలలు ఉంటానని అక్కడికక్కడే మాటిచ్చేశాను. విదేశాల్లోని భారత సంతతికిచ్చే ఓసీఐ కార్డు ఉంది కాబట్టి వీసా చిక్కు లేదు. టికెట్ తేదీ మార్పించుకున్నానంతే. నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో! "మీరూ రండి, ఇక్కడ మీ అవసరం ఉంది" అని ఈ బ్లాగులోనే రాశాను కూడా.

మొన్న శనివారం నా ఆఖరి రోజు. ఎప్పటిలాగే ఎనిమిదికి నయాపూల్‌లో బస్సు దిగి ఆటో ఎక్కాను. మామూలుగా అరవై రూపాయలు. ఎనిమిదిన్నర దాటితే ట్రాఫిక్ పేరు చెప్పి వంద అడుగుతారు. "ఇయ్యాల మిఠాయి డబ్బా పట్టుకున్నరు, ఏంది సంగతి?" అన్నాడు రోజూ చూసే డ్రైవరు. రేపు మా ఊరు వెళ్లిపోతున్నానంటే "గింత జల్దీనా!" అన్నాడు. బడిలో శాలువా కప్పారు. నా బ్లాగు చదివి మారిషస్ నుంచి ఇంకో మేడమ్ వస్తున్నారని, సోమవారం నుంచి నా తరగతి ఆమెదేనని బడి నడిపే సార్ మైకులో చెప్పారు. పిల్లలతో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

తర్వాత వరండాలో ఆయా యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"గా మారిషస్ ఆమె గూడ ఫిరీగనే చెప్తదా మేడం?"

"అవును. ఎందుకూ?"

"మరి అనిత టీచర్ ఏంగావాలె? నువ్వొస్తున్నవనే గదా ఆమెను మూడు నెలలు ఇంట్ల కూసోమన్నరు."

ఆ తరగతి అయిదేళ్లుగా అనితదట. బీరువాలో నాకు దొరికిన పాఠాల నోటుబుక్కు కూడా ఆమెదేనట. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఇంగ్లీషు, పిల్లలు తికమకపడే చోట ఉర్దూ మాట. రోజూ దాన్ని చూసే పాఠం చెప్పాను. పిల్లలు అప్పుడప్పుడు ఆమె పేరెత్తినా, మానేసి వెళ్లిపోయిందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ముప్ఫై ఏళ్లు టీచరుగా బతికిన మనిషిని, నాకంటే ముందు ఎవరున్నారని ఒక్కనాడూ అడగలేదు.

యాదమ్మను అడ్రసు అడిగి, చార్మినార్ దాకా నడిచి చాంద్రాయణగుట్ట బస్సు ఎక్కాను. ఇక్కడ ఆడవాళ్లకు టికెట్ ఉండదు కానీ తెలంగాణ ఆధార్ చూపాలి. నేను ఇరవై అయిదు రూపాయలిచ్చి కొన్నాను. ముప్పావుగంట పట్టింది. ఇల్లు ఫ్లైఓవర్ దాటాక రెండో సందులో ఉంది. నేనెవరో చెప్పగానే అనిత ముఖం విప్పారింది.

"మలేసియా మేడమా! రండి, కూసోండి. షాయిస్తా మంచిగ రాస్తున్నదా? ఒత్తులన్ని తప్పులే రాస్తుండె."

"ఇప్పుడు బాగానే రాస్తోంది."

"అయితే సోమవారం నుంచి నాకు అల్కగైతది. గీ మూడు నెలలు బట్టల షాపుల చేసిన. మేడం పోయినంక రమ్మన్నడు గదా సార్, నిన్ననే షాపుల మానేస్తనని చెప్పిన."

దాచడం ఇంకా పెద్ద పాపమనిపించి, మారిషస్ నుంచి వస్తున్నామె సంగతి చెప్పేశాను. అనిత అరవలేదు, ఏడవలేదు.

"ఆమెకు జీతం వద్దంటనా?"

"వద్దట."

"నాకు గావాలె గదా మేడం," అంది.

బయటికొచ్చి సార్‌కు ఫోన్ చేస్తే "ఫికర్ చేయకండి, చూద్దాం" అన్నారు. ఆయన్నే అడిగి ఈమెయిల్ తీసుకుని మారిషస్ ఆమెకు సంగతంతా రాశాను. టికెట్ కొనేశానని, పిల్లలకు రంగు పెన్సిళ్లు కూడా తెస్తున్నానని జవాబు వచ్చింది. పాత పోస్టు తీసేశాను కానీ, ఇప్పుడు తీసి ఏం లాభం? పుణ్యమనుకుని ఒకరి నోటికాడి కూడు లాగేశాను, పైగా రండి రండి అని మరొకరిని పిలిచాను. సిగ్గుగా ఉంది. మీరూ ఇలా ఆగిపోయి చదువు చెప్పాలనుకుంటే ఒక్క పని చేయండి: ఒప్పుకునే ముందు ఆ బడిలో టీచర్ల హాజరు పట్టీ అడిగి చూడండి. అందులో మీకిచ్చే తరగతి టీచరు పేరు కొట్టేసి ఉంటే, ముందు ఆమె ఇంటికి వెళ్లి రండి. నేను మూడు నెలలు ఆలస్యంగా వెళ్లాను.