గాజుపళ్లెంలో బతికిన కణాలు

మా మేడం పోయారని ఆమె చెల్లెలు పొద్దున్నే అనంతపురం నుంచి ఫోన్ చేసింది. "అక్క నిద్రలోనే పోయిందమ్మా. నీకు చెప్పల్లనిపించింది" అంది. పరిశోధన అంటే ఏమిటో నాకు నేర్పిన మనిషి ఆమె.

మేడంది ఉరవకొండ దగ్గర వేరుశనగ పండించే కుటుంబం. ఆమె లోకమంతా నీళ్ళలో బతికే చదునుపురుగులు. గోరంత ఉండే ఆ పురుగును ముక్కలుగా కోస్తే, ప్రతి ముక్కా మళ్ళీ నిండు పురుగవుతుంది. ఆ శక్తి దాని మూలకణాలది. వాటిని వేరుచేసి, పురుగు ఒంటికి బయట గాజుపళ్లెంలో పెంచాలని ఆమె పట్టుదల. ప్రయోగశాల గుమ్మంలోనే మా చేతులు వాసన చూసేవారు. సబ్బు వాసన వస్తే కడుక్కోమని వెనక్కి పంపేవారు. పురుగులకు ఆ కాస్త సబ్బు కూడా పడదు.

వేరుచేసిన కణాలు ఎప్పుడూ రెండు మూడు రోజుల్లోనే చచ్చిపోయేవి. ఒక ఎండాకాలం మాత్రం, ఆమె కొత్తగా తయారుచేసిన పోషకద్రవంలో అవి వారం దాటినా నిలిచాయి. నేను సంబరపడితే ఆమె నవ్వలేదు.

"బతికినట్టు కనపడేది వేరే, బతికిండేది వేరేమ్మా. పురుగులోకి ఎక్కించి చూడల్ల."

ఎక్స్‌రేలతో సొంత మూలకణాలను పోగొట్టిన పురుగులను సిద్ధం చేశాం. కొత్త కణాలు అందకపోతే వాటికి చావే. ఎక్కించాల్సిన మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కణాలను చల్లగా ఉంచే పెట్టె ఆగిపోయింది. ఉన్నది ఆ ఒక్క పళ్లెమే.

"సాయంత్రం దాకా కరెంటు రాదంట మేడం."

"అంతసేపు ఇవి ఆగవు. మైక్రోస్కోపు కిటికీ కాడికి జరుపు."

అద్దం తిప్పి ఎండ వెలుగు పట్టారు. కరిగిపోగా మిగిలిన కాస్త ఐసు మీద తడికాగితం వేసి, దానిపై పురుగును పరిచారు. కణాలు నింపిన గాజుసూది అందుకున్నారు. మొన వణికింది. సూది దించి, మళ్ళీ ఎత్తారు. వణుకు ఆగలేదు. ఆమెకు జబ్బు చేసిందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

"నా చెయ్యి నా మాట ఇనడంల్యా. నువ్వు చెయ్యి."

"ఎప్పుడూ చెయ్యలేదు మేడం. చెడగొడతానేమో."

"చెడితే నేనుండా. ఊపిరి బిగబట్టొద్దు, మెల్లగా వదులుతా గుచ్చు."

మొదటి పురుగు నా సూది కిందే చిట్లిపోయింది. ఆమె ఇంకోటి నా ముందు పెట్టారు. నా మెడ మీదుగా చెమట కారుతోంది. గది ఇంకా వేడెక్కుతోంది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా గుచ్చుతూనే ఉన్నాను.

తర్వాతి వారాల్లో పురుగుల తలలు కుంచించుకుపోయాయి. పోల్చి చూడటానికి కణాలు ఎక్కించకుండా ఉంచినవన్నీ చచ్చిపోయాయి. ఎక్కించినవీ ఒక్కొక్కటే పోయాయి. చివరికి ఒకటి మిగిలింది. డాక్టరు ఇంట్లోనే ఉండమన్నా మేడం రోజూ వచ్చి దాన్ని చూసేవారు. ఒక పొద్దున నన్ను పిలిచారు. తల పోయిన చోట మొండి అంచున తెల్లటి మొగ్గలా కొత్త కండ కనిపించింది.

"బతికింది మేడం" అన్నాను.

"ఒకటే గదా. మళ్ళీ చేసినా వస్తే అప్పుడు నమ్ముదాం."

వానాకాలంలో మళ్ళీ చేశాం. ఈసారి ఎక్కించిన పురుగులకూ తలలు మొలిచాయి. ఆ సాయంత్రం మేడం స్టూలు మీద కూర్చుని ఒక పురుగు మీద టార్చి వేశారు. కొత్తగా వచ్చిన రెండు నల్లటి కంటిచుక్కలకు వెలుగు తగలగానే అది గిరుక్కున తిరిగి చీకటిని వెతుక్కుంది. ఆమె వంగి, నీళ్ళ మీద అరచేయి అడ్డుపెట్టారు. పురుగు ఆ నీడలోకి జారి, కదలకుండా ఒదిగిపోయింది.